చేతికి తగిన తొడుగు: విలువిద్యలో వేళ్ల విజ్ఞానం



మీ కుడి అరచేతిని బల్లమీద పరచి, దాని పక్కన మీ ఇంట్లో మరొకరి చేతిని పెట్టించి చూడండి. రెండింటికీ అయిదేసి వేళ్లు ఉంటాయి. పోలిక దాదాపు అక్కడితో సరి. ఒకరి చూపుడువేలు ఉంగరపు వేలికన్నా పొట్టి, మరొకరిది పొడుగు. ఒకరికి కణుపులు లావు, ఒకరికి అరచేయి వెడల్పు, ఒకరి చిటికెనవేలు లోపలికి వంగి ఉంటుంది. అన్నం కలుపుకోవడానికి, కలం పట్టడానికి ఈ తేడాలు అడ్డురావు. వింటినారిని పట్టి లాగవలసి వచ్చినప్పుడు మాత్రం అయిదారు మిల్లీమీటర్ల తేడా కూడా లెక్కకు వస్తుంది. ఆ లెక్క ఏమిటో, విలుకాళ్లు వేళ్లకు వేసుకునే తొడుగును అందరి చేతుల్లా లేని చేతికి ఎలా కుదుర్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బిలాస్‌పూర్‌లో ఒక అమ్మాయి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచీ ఇక్కడ రైలు ఉద్యోగుల కాలనీలు పెరుగుతూ వచ్చాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ కాలనీల్లో ఉన్నాయి. ఈ ప్రాంతానికి విల్లు కొత్త కాదు. జిల్లాలోని కోటా బ్లాకులో ఉన్న శివతరాయి అనే చిన్న గ్రామం విలుకాళ్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. బిలాస్‌పూర్ పక్కనే బహతరాయిలో రాష్ట్ర క్రీడా శిక్షణ కేంద్రం ఉంది.

నేను ఈ కాలనీ పిల్లలకు సాయంత్రం పూట భౌతికశాస్త్రం చెబుతుంటాను. వారిలో పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె వెదురు వింటితో విలువిద్య సాధన చేసేది. మన దేశంలో దీన్ని ఇండియన్ రౌండ్ అంటారు. 50 మీటర్లు, 30 మీటర్ల దూరాలనుంచి లక్ష్యాన్ని కొట్టాలి. ఆ అమ్మాయి కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు మొదలునుంచి నడిమి కణుపు వరకు చర్మంతో కలిసి ఉన్నాయి. పుట్టుకతోనే అంతే. ఇదేదో ఎక్కడా లేని వింత కాదు. కలిసి పుట్టే వేళ్లలో ఎక్కువగా కలిసేవి ఈ రెండే.

ఒకరోజు లెక్క చేస్తూ ఆమె కలాన్ని రెండుసార్లు జారవిడిచింది. ఏమైందమ్మా అని అడిగాను.

"వేళ్లు తిమ్మిరెక్కాయి మాస్టారూ. బాణాలు వేసి వచ్చాక రాత్రిదాకా ఇలాగే ఉంటుంది. నాన్నకి చెప్పకండి, ఆట మానిపించేస్తారు" అంది.

అప్పటికి మూడు వారాలుగా అలా ఉందట. మైదానంలో ఎవరో "నీ చేతికి ఈ ఆట పడదు" అన్నారట. రెండు నెలల్లో జిల్లా ఎంపికలు ఉన్నాయి. ఆట మానుకోవడమా, వేళ్లు పాడుచేసుకోవడమా, ఈ రెండే దారులని ఆ పిల్ల అనుకుంది. నేను వాళ్ల నాన్నగారికి చెప్పకుండా ఉండలేనన్నాను. ఆయన రైలు నడిపే లోకో పైలట్. మర్నాడే డాక్టరుకు చూపించారు. నాడి నలుగుతోంది కాని చెడిపోలేదనీ, కొన్నాళ్లు సాధన ఆపాలనీ, తిమ్మిరి ఎందుకు వస్తోందో తెలుసుకోకుండా మళ్లీ విల్లు పట్టవద్దనీ డాక్టరు చెప్పారు.

ఆ 'ఎందుకు' అన్న ప్రశ్న మా వంతు అయింది. దానికి జవాబు ఆమె వేళ్లలో కాక, ఆమె వేసుకున్న తొడుగులో దొరికింది.

వేళ్లమీద పడే భారం ఎంత?

ముందుగా చిన్న లెక్క చేద్దాం. విల్లు ఎంత గట్టిదో పౌండ్లలో చెబుతారు. 24 పౌండ్ల విల్లు అంటే, నారిని పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు వేళ్లమీద సుమారు 11 కిలోల బరువు వేలాడినంత భారం ఉంటుంది. రోజుకు నూరు బాణాలు వేస్తే ఆ వేళ్లు ఎత్తి దించిన మొత్తం 1,100 కిలోలు. టన్నుకు పైమాటే.

ఈ 11 కిలోల భారం ఎంత చోటుమీద పడుతోందన్నది అంతకన్నా ముఖ్యం. సాధారణంగా నారిని చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలితో పడతారు. వేలి కొసనుంచి లెక్కపెడితే మొదటి కణుపు దగ్గర నారి ఆనుతుంది. నారి మందం 3 మిల్లీమీటర్లు, వేలి వెడల్పు 15 మిల్లీమీటర్లు అనుకోండి. ఒక్కో వేలిమీద 45 చదరపు మిల్లీమీటర్లు, మూడు వేళ్లమీద 135 చదరపు మిల్లీమీటర్లు, అంటే 1.35 చదరపు సెంటీమీటర్లు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. 11 కిలోలను 1.35తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 8 కిలోలు వస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. ఉత్త వేళ్లతో లాగినప్పుడు నారి కింద చర్మం దానికి ఎనిమిది రెట్ల పీడనం భరిస్తోందన్న మాట.

ఇప్పుడు వేలికీ నారికీ మధ్య గట్టి తోలుముక్క పెట్టండి. నారి నొక్కుడు తోలులో పరుచుకొని, వేలిమీద 8 మిల్లీమీటర్ల వెడల్పున పడుతుందనుకుందాం. వైశాల్యం 3.6 చదరపు సెంటీమీటర్లు అవుతుంది, పీడనం 3 కిలోలకు దిగుతుంది. బలం అంతే ఉంది, చోటు పెరిగింది. బురదలో పలక వేసి నడిచే సూత్రమే ఇది.

అయితే ఒక సంగతి మరచిపోకూడదు. మన రక్తపోటు 120 మిల్లీమీటర్ల పాదరసం అంటాం. దాన్ని ఇదే కొలతలోకి మారిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 160 గ్రాములే. అంటే ఎంత మంచి తొడుగు వేసుకున్నా, నారిని పట్టి ఉంచినంతసేపూ దాని కింద రక్తం ఆగిపోతుంది. విడవగానే మళ్లీ పారుతుంది. అందుచేత బాణానికీ బాణానికీ మధ్య వేళ్లకు విరామం ఇవ్వడం సాధనలో భాగం. తొడుగు విరామానికి బదులు కాదు.

ముడత చేసే చెరుపు

పై లెక్కలో తోలు వేలికి చదునుగా అతుక్కొని ఉందని అనుకున్నాం. అలా లేకపోతే? తొడుగు వదులైతే వేలు వంచినప్పుడు లోపల ముడత పడుతుంది. పరుచుకోవలసిన బలమంతా ఆ సన్నని ముడత గట్టుమీదికి చేరుతుంది. అప్పుడు ఉత్త వేలే నయం. తొడుగు బిగుతైతే నారి తాకకముందే రక్తప్రసారం తగ్గుతుంది, స్పర్శ పోతుంది. నారి ఎక్కడ ఉందో వేలికి తెలియదు.

వేళ్లలోని నాడులు ఎక్కడ ఉంటాయో కూడా తెలుసుకోవాలి. ప్రతి వేలికీ అరచేతివైపు రెండు అంచుల వెంట రెండు నాడులు కొసదాకా వెళతాయి. వేలి నడుమ మెత్తటి కండ నొక్కుడును ఓర్చుకుంటుంది. అంచును ఏదైనా గట్టి కుట్టో మడతో నొక్కితే అక్కడ నాడి నలుగుతుంది. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండడం దాని మొదటి కబురు.

మా అమ్మాయి తొడుగును ఈ దృష్టితో చూశాం. మూడు వేళ్లకు మూడు గొట్టాలు, మణికట్టుకు ఒక పట్టీ ఉన్న మామూలు తొడుగు అది. గొట్టాలు నడిమి కణుపు దాటి కిందికి దిగేలా కుట్టినవి. ఆమె వేళ్లు కలిసింది సరిగ్గా ఆ కణుపు దగ్గరే. అందువల్ల రెండు గొట్టాలూ సగంలో ఆగిపోయేవి. ముందు సెంటీమీటరు మేర ఖాళీగా ఉండి ముడత పడేది. వెనుక అంచులు రెండు వేళ్ల మధ్యకు గుచ్చుకొనేవి. నారి పడేది ముడతమీద, కుట్టు నొక్కేది నాడిమీద. మూడు వారాల తిమ్మిరికి కారణం తేలిపోయింది.

రెండో పని: నారిని వదలడం

తొడుగుకు మరో పని కూడా ఉంది. బాణం వేయడమంటే వేళ్లు చటుక్కున తెరవడం అనుకుంటాం. నిజానికి విలుకాడు వేళ్ల పట్టు సడలిస్తాడు, నారి తానే వేళ్లను పక్కకు నెట్టుకొని జారిపోతుంది. ఆ క్షణంలో తోలుకూ నారికీ మధ్య ఘర్షణ ఎంత తక్కువగా, ప్రతిసారీ ఎంత ఒకేలా ఉంటే బాణాలు అంత దగ్గర దగ్గరగా పడతాయి. నారి వేళ్లను చుట్టుకొని జారడం వల్ల కొంచెం పక్కకు ఊగుతుంది. బాణం కూడా పాములా వంగుతూ బయలుదేరుతుంది. తొడుగులో ముడత ఉంటే ఈ ఊపు ఒక్కో బాణానికి ఒక్కోలా మారిపోతుంది.

అందుకే తోలు నునుపు వైపు నారికి తగలాలి. పాతబడిన తోలులో నారి లోతుగా గాడి చేసుకొంటే ఆ గాడిలో చిక్కుతుంది. చెమటకు తడిసిన తోలు మెత్తబడి సాగుతుంది, ఘర్షణ పెరుగుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులున్న బిలాస్‌పూర్‌లో ఇది చిన్న విషయం కాదు. తొడుగును ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి. మైదానంలో విలుకాళ్లు తొడుగుకు పౌడరు అద్దుకోవడం మీరు చూసే ఉంటారు. అది ఈ ఘర్షణను తగ్గించడానికే.

పాత మాట, పాత అవసరం

వేళ్లకు రక్షణ కావాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. సంస్కృతంలో దానికి 'అంగుళిత్రాణం' అని పేరు. ముంజేతికి నారి తగలకుండా కట్టుకునేది 'గోధ'. గోధ అంటే ఉడుము కూడా. రామాయణంలో విశ్వామిత్రుని వెంట వెళ్లే రామలక్ష్మణుల వర్ణనలో ఈ రెండూ కనిపిస్తాయి. ఈ రోజుల్లో ఉడుము చట్టం రక్షణలో ఉన్న ప్రాణి. మనకు మేక తోలు, ఆవు తోలు చాలు.

దేశదేశాల్లో పట్టు వేరు, రక్షణ వేరు. మధ్య ఆసియాలో, చైనాలో, కొరియాలో బొటనవేలితో నారి లాగేవారు. బొటనవేలికి ఎముకతో, కొమ్ముతో, రాతితో చేసిన ఉంగరం తొడుక్కొనేవారు. మొగలులు ధరించిన పచ్చరాతి ఉంగరాలు నేటికీ మ్యూజియంలలో ఉన్నాయి. ఐరోపాలో మూడు వేళ్ల పట్టు ఎక్కువ, అక్కడ తోలు తొడుగులు పెరిగాయి. ఏ వేలు పని చేస్తుందో దాన్నిబట్టి తొడుగు పుట్టింది.

ఏకలవ్యుడి కథ మీకు తెలిసిందే. బొటనవేలు ఇచ్చిన తరువాత అతడు విల్లు వదిలేయలేదు. మిగిలిన వేళ్లతో నారి లాగాడనీ, మునుపటి వేగం మాత్రం రాలేదనీ భారతం చెబుతుంది. ఇవాళ పోటీల్లో నారి చేతివేళ్లతో లాగేవారిలో ఎక్కువమంది నారిని పట్టడానికి బొటనవేలిని వాడరు. చేతి ఆకారం మారితే పట్టు మార్చుకోవచ్చునన్నది ఆ కథలోనే ఉన్న శాస్త్రం.

సగటు చేయి ఎవరిది?

దుకాణంలో తొడుగులు చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు నాలుగు కొలతల్లో దొరుకుతాయి. ఈ కొలత సాధారణంగా అరచేతి చుట్టుకొలతను బట్టి, లేదా వేళ్ల పొడవును బట్టి ఉంటుంది. మిగతావన్నీ దానికి తగినట్టే ఉంటాయని తయారుచేసేవారు అనుకుంటారు. ఆ అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

గిల్బర్ట్ డేనియల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు 250 మంది యువకుల చేతులను కొలిచాడు. ఆ కొలతలన్నిటికీ సగటు తీశాడు. ఆ సగటు చేయి ఆ 250 మందిలో ఎవరి చేతినీ పోలలేదు. తరువాత అతడు అమెరికా వైమానిక దళంలో చేరాడు. అక్కడ 1950లో పైలట్ల శరీరాలు కొలిచారు. 4,063 మంది పైలట్లకు పది కొలతలు తీసుకొని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారెందరో లెక్కించాడు. ఒక్కరు కూడా లేరు. విమానంలో కూర్చునే చోటును సగటు మనిషికి తయారుచేస్తే అది ఎవరికీ సరిపడదని తేలింది. ఆ తరువాతనే సీటును, పట్టీలను మనిషికి తగ్గట్టు జరుపుకునే ఏర్పాట్లకు వైమానిక దళం పట్టుపట్టింది.

కాబట్టి తొడుగు పట్టకపోతే తప్పు మీ చేతిది కాదు. తొడుగును లేని చేతికి కుట్టారు, మీది ఉన్న చేయి.

చేతిని కొలవడం ఎలా?

దీనికి కావలసినవి ఒక తెల్లకాగితం, పెన్సిలు, దారం, స్కేలు. ఉదయం లేవగానే కొలవవద్దు. పది నిమిషాలు నడిచి వచ్చాక కొలవండి. వేడికి, శ్రమకు వేళ్లు కొంచెం ఉబ్బుతాయి, ఆడేటప్పుడు ఉండే చేయి అదే.

మొదట చేతిని కాగితంమీద పరచి, పెన్సిలును నిటారుగా పట్టి చుట్టూ గీయండి. నారి పట్టే ప్రతి వేలికీ దారంతో రెండు చోట్ల చుట్టుకొలత తీయండి: కొస కణుపు దగ్గర ఒకటి, నడిమి కణుపు దగ్గర ఒకటి. కణుపులు లావుగా, కొసలు సన్నగా ఉండే చేతికి ఈ రెండు సంఖ్యల మధ్య తేడా ఎక్కువ ఉంటుంది. అలాంటివారికి మూసిన గొట్టం కణుపు దాటదు, దాటితే కొసలో వదులవుతుంది. తరువాత కొసనుంచి వేళ్లు విడిపోయే చోటువరకు పొడవు కొలవండి. చివరగా నారి పట్టినట్టు వేళ్లు వంచి, వేలి వీపుమీద అదే పొడవును మళ్లీ కొలవండి. వంచినప్పుడు వీపువైపు పొడవు పెరుగుతుంది, లోపలివైపు చర్మం మడత పడుతుంది. ఈ చివరి కొలత చాలామంది తీయరు. మేమూ మొదట తీయలేదు, దాని ఫలితం కాసేపట్లో చెబుతాను.

ఏ చేతికి ఏ రకం?

పొడుగాటి సన్నని వేళ్లు, వెడల్పు అరచేయి ఉన్నవారికి మణికట్టు పట్టీని వేరుగా బిగించుకోగల తొడుగు కావాలి. వేళ్లకు సరిపడే చిన్న కొలత తీసుకొని పట్టీని పొడిగించుకోవచ్చు. పొట్టివేళ్లవారికి కొసలు తెరిచి ఉన్న తొడుగు మేలు. అప్పుడు ముందు ఖాళీ అనేదే ఉండదు. కణుపులు ఉబ్బినవారికి వీపువైపు సాగే గుడ్డ, లోపలివైపు తోలు ఉన్నది కుదురుతుంది. మూడు వేళ్లూ మూడు కొలతల్లో ఉంటే ఒక్కో వేలికి విడివిడిగా తొడిగే వేలితొడుగులు కొనుక్కోవచ్చు.

ఒక వేలు లేనివారికి, వంకర ఉన్నవారికి ట్యాబ్ అనే చదునైన తోలుముక్క చాలాసార్లు తొడుగుకన్నా అనువు. గొట్టాలు లేవు గనుక వేలి ఆకారంతో దానికి పని తక్కువ. పెద్దది కొని, కాగితంమీది గీతను బట్టి కొద్దికొద్దిగా కత్తిరించుకోవచ్చు. ఒకేసారి ఎక్కువ కత్తిరిస్తే తోలు తిరిగి రాదు.

బుధవారీ బజారులో

మా అమ్మాయికి ముందు ట్యాబే ప్రయత్నించాం. బాణం చూపుడువేలికీ నడిమివేలికీ మధ్యన ఉంటుంది. ఆ సందు ఆమెకు మామూలుగానే ఉంది కాబట్టి ట్యాబ్‌తో చిక్కు ఉండదనుకున్నాం. కాని ట్యాబ్ జారిపోకుండా నడిమివేలికి తొడిగే ఉంగరం లాంటి పట్టీ ఉంటుంది. అది వేళ్లు కలిసిన చోట ఆగిపోయి మళ్లీ ఆ అంచునే నొక్కింది.

అప్పుడు ఆ రెండు వేళ్లనూ ఒకే వెడల్పు వేలుగా లెక్కవేద్దామనుకున్నాం. చూపుడువేలికి మామూలు గొట్టం ఒకటి. మిగతా రెంటికీ కలిపి ఒకే సంచి. నడిమివేలు ఉంగరపు వేలికన్నా 8 మిల్లీమీటర్లు పొడుగు, కనుక సంచి ముందు అంచును ఏటవాలుగా గీశాం. రెండు వేళ్లకూ కలిపి నడిమి కణుపు దగ్గర చుట్టుకొలత 92 మిల్లీమీటర్లు వచ్చింది. కాగితంతో నమూనా కత్తిరించి, వాళ్ల నాన్నగారి పాత డ్యూటీ బూటు తీసుకొని, ముగ్గురం బుధవారీ బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాం.

ఆయన కాగితాన్ని ఒక పక్కన పెట్టి, ముందు అమ్మాయి చేతిని చూశాడు. బూటు పైతోలును రెండు వేళ్ల మధ్య నలిపి, లోపలి భాగానికి ఇది పనికొస్తుంది, వీపుకు మేక తోలు వేస్తానన్నాడు. కుట్టు ఎక్కడా నారివైపు రాకుండా పక్కకు మళ్లించమని మేము కోరాం. సాయంత్రానికి కుట్టి ఇచ్చాడు.

మొదటిది కుదరలేదు. చేయి చాపి ఉన్నప్పుడు అచ్చుపోసినట్టు ఉంది. వేళ్లు వంచగానే వీపువైపు తోలు బిగిసి, సంచి మొత్తం మణికట్టు వైపు లాగింది. కారణం మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు: చాపిన చేతిని కొలిచాం, వంచిన చేతిని కొలవలేదు. పెద్దాయన నవ్వి, చెప్పు అయినా కాలు నేలమీద మోపి నిలబడ్డాకే కొలుస్తానన్నాడు. నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఆ మాట మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను. రెండోసారి వీపువైపు మేక తోలు తీసేసి వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ కుట్టాడు. అది వంచితే సాగుతుంది, చాపితే తిరిగి వస్తుంది.

సరిపోయిందా? అయిదు పరీక్షలు

తొడుగు కొన్నా, కుట్టించినా బాణం ముట్టకముందే ఇంట్లో ఈ పరీక్షలు చేయండి.

ఒకటి: వేళ్లు చాపి, వంచి పదిసార్లు చూడండి. తొడుగు జరగకూడదు, మణికట్టు పట్టీ లాగకూడదు.

రెండు: నారి పడే చోట లోపల ముడత ఉందేమో మరో చేతి వేలితో తడిమి చూడండి.

మూడు: వేలి కొసకూ తోలు కొసకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు.

నాలుగు: అయిదు నిమిషాలు తొడుక్కొని కూర్చోండి. తీశాక గోటిని నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి.

అయిదు: ఒక గట్టి తాడును ఉచ్చులా కట్టి, దాన్ని తొడుగు వేసిన వేళ్లతో లాగి వదలండి. ప్రతిసారీ ఒకే చోటినుంచి, పట్టుకోకుండా జారాలి. విల్లును మాత్రం బాణం లేకుండా లాగి వదలవద్దు. బాణానికి పోవలసిన శక్తి వింటిలోనే ఉండిపోయి కొమ్మలు విరగవచ్చు.

తరువాత తక్కువ గట్టిదనం ఉన్న వింటితో, రోజుకు ఇరవై బాణాలతో మొదలుపెట్టండి. సాధన ముగిశాక అరగంట దాటినా తిమ్మిరి పోకపోతే ఆపండి, డాక్టరుకు చూపండి. పిల్లలు నొప్పి దాస్తారు. 'ఆట మానేస్తావా' అని అడిగితే చెప్పరు. 'ఎక్కడ నొక్కుతోంది' అని అడిగితే చెబుతారు. తల్లిదండ్రులు, గురువులు ఈ తేడా గమనించాలి.

నియమాలు ఏమంటాయి?

కుట్టించుకున్న తొడుగుతో పోటీకి వెళ్లవచ్చా అని మీకు సందేహం రావచ్చు. వరల్డ్ ఆర్చరీ నియమాల ప్రకారం వేలితొడుగులు, తొడుగులు, ట్యాబ్, పట్టీ వంటివి వేళ్ల రక్షణకు వాడుకోవచ్చు. వేళ్ల మధ్య బాణం నలగకుండా అడ్డుముక్క పెట్టుకోవచ్చు. నారిని పట్టి ఉంచడానికి, లాగడానికి, వదలడానికి సాయపడే యంత్రం మాత్రం వాటిలో ఉండకూడదు. పోటీకి ముందు జరిగే పరికరాల తనిఖీలో తొడుగును అధికారులకు చూపించి ఒప్పించుకోవాలి.

ఇది నారిని వేళ్లతో లాగే విళ్ల సంగతి. మన విజయవాడ క్రీడాకారుడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన రికర్వ్ విల్లు ఆ కోవలోది. విజయవాడకే చెందిన వెన్నం జ్యోతి సురేఖ ఆడే కాంపౌండ్ విభాగంలో నారిని చిన్న రిలీజ్ పరికరంతో వదులుతారు. అక్కడ తొడుగు సమస్యే లేదు. ఎవరి వేళ్లకైనా నారి ఎంతమాత్రం పడకపోతే ఆ విభాగం మరో దారి.

చేతులే లేకపోయినా దారి ఉంది. జమ్ముకశ్మీర్ అమ్మాయి శీతల్ దేవి కాలితో విల్లు పట్టి బాణం వేస్తుంది. రాకేశ్ కుమార్‌తో కలిసి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఒక చేయి కోల్పోయిన అమెరికా క్రీడాకారుడు ఎరిక్ బెనెట్ నారికి కట్టిన పట్టీని పళ్లతో లాగి బాణం వేస్తాడు. ఒకరికి కాలు, ఒకరికి పళ్లు. పరికరాన్ని శరీరానికి కుదుర్చుకున్నాక మిగిలింది సాధనే.

చివరిగా

ఆ అమ్మాయి ఏమైందని అడుగుతారు. కొత్త తొడుగుతో నెల తిరిగేసరికి తిమ్మిరి పోయింది. బాణాలు దగ్గర దగ్గరగా పడడం మొదలైంది. ఆ ఏడాది జిల్లా ఎంపికలకు వెళ్లింది, ఎంపిక కాలేదు. సాధన ఆగిన వారాలు తిరిగి రావు కదా. ఇంటికి వచ్చి, "ఈసారి ఓడింది నేనే మాస్టారూ, నా చెయ్యి కాదు" అంది. ఆ మాటలో దిగులు లేదు. మర్నాడు మళ్లీ మైదానానికి వెళ్లింది. ఇప్పటికీ వెళుతోంది. తొడుగు మాత్రం మూడోది, వేళ్లు పెరిగాయి కదా.

మీ బడిలో, మీ వీధిలో ఆట మానేసిన పిల్లలు ఎవరైనా ఉంటే, చేతకాక మానేశారో, తొడుగో బూటో బ్యాటో సరిపడక మానేశారో అడిగి చూడండి. తరువాత ఒక కాగితం, పెన్సిలు, దారం తీసుకోండి. వంచిన వేలిని కొలవడం మాత్రం మరవకండి.